గేమ్ క్యాసెట్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్: నాలుగేళ్ల వాడకం తరువాత

తొంభైల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేముల్లో చాలావరకు, నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రానికి నకళ్లే. వాటి క్యాసెట్లకు 60 పిన్నులు, అంటే యంత్రంలోని స్లాటుకు తగిలే లోహపు పట్టీలు, ఉంటాయి. నా దగ్గర అటువంటివి 38 ఉన్నాయి. నాలుగేళ్ల కిందట అటక మీది పెట్టె దించినప్పుడు వాటిలో 11 మాత్రమే లోడయ్యాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా కొని శుభ్రం చేయడం మొదలుపెట్టాను. ఈనాడు 34 ఆడుతున్నాయి.

దూది పుల్లను తడిపి, పిన్నుల పొడవునా, రెండు వైపులా రుద్దాలి. కాంట్రా అనే ఆట క్యాసెట్టుకు మొదటి పుల్ల బొగ్గులా నల్లబడింది, రెండోది బూడిదరంగులో వచ్చింది, అయిదో పుల్లకు గానీ దూది తెల్లగా మిగల్లేదు. పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టగానే ఆట మొదలైంది. 70 శాతం రకంలో నీరు ఎక్కువ కనుక ఆరడం ఆలస్యం. నేను దాన్ని వాడను.

లోపం ఎక్కడుందో తెరే చాలావరకు చెబుతుంది. ఈ క్యాసెట్లలో ప్రోగ్రామ్‌కూ బొమ్మలకూ వేర్వేరు పిన్నులు ఉంటాయి. అందువల్ల తెర ఒకే రంగులో నిలిచిపోతే ప్రోగ్రామ్ వైపు పిన్నులను, సంగీతం చక్కగా వినిపిస్తూ బొమ్మలు మాత్రం ముక్కలు ముక్కలుగా కనిపిస్తే బొమ్మల వైపు పిన్నులను ముందుగా అనుమానించాలి. ఫ్యామికామ్‌లో శబ్దం సైతం 45, 46 పిన్నుల ద్వారా క్యాసెట్టులోకి వెళ్లి తిరిగి వస్తుంది కనుక, ఆ రెండింటికి మురికి పడితే ఆట నడుస్తూనే మూగబోవచ్చు.

చిన్నప్పుడు మేమంతా నోటితో ఊదేవాళ్లం. అప్పుడు పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. నోటి తడి మాత్రం లోహాన్ని తినేస్తుంది. పెన్సిల్ రబ్బరును పచ్చగా తుప్పు పట్టిన రెండింటికే వాడాను, ఎందుకంటే అది పైపూతనూ అరగదీస్తుంది.

ఒక పొరపాటు మాత్రం నాకు ఆరు నెలలు తినేసింది. శుభ్రం చేసిన క్యాసెట్లు కూడా మధ్యలో ఆగిపోతుంటే మళ్లీ మళ్లీ రుద్దాను. చివరికి ఆట నడుస్తుండగా వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తే, 9 వోల్టులు ఇవ్వాల్సిన అడాప్టర్ 6.2 మాత్రమే ఇస్తోంది. లోపలి 7805 రెగ్యులేటర్ నిలకడగా 5 వోల్టులు ఇవ్వాలంటే దానికి సుమారు 7 అందాలి. అడాప్టర్ మార్చాక ఆ బాధ పోయింది. యంత్రంలోని స్లాటును కూడా, స్విచ్ ఆపి, ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ చుట్టిన పలుచని అట్టముక్కతో తుడవాలి. లేకపోతే అక్కడి మురికి తుడిచిన క్యాసెట్టుకు మళ్లీ అంటుకుంటుంది. ఆల్కహాల్‌కు త్వరగా నిప్పంటుకుంటుంది కనుక కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చుంటాను.

మిగిలిన నాలుగింటిలో రెండింటికి పిన్నుల దగ్గరి రాగి గీతలే తెగిపోయాయి. వాటికి ఈ సీసా పనికిరాదు, సన్నటి తీగతో సోల్డరింగ్ చేయాలి. అది ఇంకా మొదలుపెట్టలేదు.