లైంగిక నేరస్థుల నమోదు: అమెరికా పద్ధతి, మన పద్ధతి

అమెరికాలో 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం ప్రకారం నమోదు బాధ్యత శిక్షపడిన వ్యక్తిదే. నేర తీవ్రతను బట్టి 15 ఏళ్లు, 25 ఏళ్లు లేదా జీవితాంతం అతడు జాబితాలో ఉండాలి. ఇల్లు, ఉద్యోగం, చదువు మారితే మూడు పనిదినాల్లో స్వయంగా వెళ్లి తెలపాలి. తెలిసీ తప్పించుకుంటే సమాఖ్య చట్టం కింద పదేళ్ల వరకు జైలు పడవచ్చు. అక్కడి పౌరుడు కానివారికైతే ఆ నేరనిర్ధారణే దేశం నుంచి పంపివేయడానికి ఆధారమవుతుంది. గ్రీన్ కార్డుపై ఉన్న తెలుగువారైనా దీనికి మినహాయింపు కాదు కనుక, నేరం ఒప్పుకొనే ముందే వలస చట్టం తెలిసిన న్యాయవాదిని సంప్రదించడం అవసరం.

మన దేశంలో 2018 సెప్టెంబరు 20న మొదలైన జాతీయ డేటాబేస్‌ను జాతీయ నేర రికార్డుల బ్యూరో నిర్వహిస్తుంది. ఇందులో వివరాలు చేరేది పోలీసు రికార్డుల నుంచే. నేరస్థుడు వచ్చి నమోదు చేసుకోనక్కరలేదు, ప్రజలకు చూసే వీలూ లేదు.

అమెరికాలో చాలామంది పేర్లు, ఫొటోలు ఎవరైనా వెతికి చూడవచ్చు. పిల్లలపై నేరాల్లో నిందితుడు తరచూ బంధువో ఇరుగుపొరుగో అయినప్పుడు, అతడి పేరు బయటపెడితే బాధిత బిడ్డ ఎవరో కూడా ఊరికి తెలిసిపోతుంది. అందుకే ఈ ఒక్క విషయంలో మన గోప్యతే మేలని నా అభిప్రాయం.