మా ఊరి ఐసీటీసీ: టెస్టు బాగుంది, బెంచీలే బాగోలేవు

మా ఆయనకు హెచ్ఐవీ అని తెలిసి ఆరేళ్లు, నాకు మాత్రం ప్రతిసారీ నెగెటివే. ఆర్నెల్లకోసారి గవర్నమెంటు ఆస్పత్రిలోని ఐసీటీసీకి (హెచ్ఐవీ టెస్టు, కౌన్సెలింగ్ చేసే సెంటర్‌కి) వెళ్తుంటాను కాబట్టి ఈ రివ్యూ. పైసా తీసుకోరు, రిపోర్టు అదే రోజు ఇచ్చేస్తారు.

అసలు ఐదు స్టార్లు ఇవ్వాల్సింది కౌన్సెలర్ మేడమ్‌కి. "నా రక్తంలోనే ఏదో మహత్యం ఉందేమోనండీ" అంటే నవ్వేసి, తలుపు దగ్గరికి వేసి, పెన్నుతో బొమ్మలు గీసి మరీ చెప్పారు. కెన్యాలోని నైరోబీలో 1980ల నుంచి సెక్స్ వర్కర్లను గమనిస్తున్నారట, ఏళ్ల తరబడి వైరస్ ఎదురవుతున్నా కొందరికి సోకలేదట, వాళ్లలో కొందరి రక్తంలో హెచ్ఐవీని గుర్తుపట్టే టీ కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) కనిపించాయట, కానీ కొన్నాళ్లు ఆ పని మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో కొందరికి తర్వాత సోకిందట. అంటే అది శాశ్వత కవచం కాదన్నమాట! ఇక వైరస్ మన కణాల్లోకి దూరడానికి వాడుకునే సీసీఆర్5 అనే తలుపు పనిచేయకుండా పుట్టేవాళ్లు ఉత్తర యూరప్‌లోనే నూటికి ఒక్కరు, మన దగ్గర మరీ అరుదు. "మహత్యం మీ ఆయన హెచ్ఐవీని అదుపులో పెట్టడానికి రోజూ వేసుకునే ఏఆర్‌టీ మాత్రలదమ్మా, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, టెస్టులో కనిపించనంత తగ్గి అలాగే ఉంటే కలయిక వల్ల మీకు సోకదు" అన్నారు.

ఒక స్టార్ ఎందుకు తీసేశానంటే, బెంచీలు సరిగ్గా ఓపీ క్యూకి ఎదురుగా ఉన్నాయి, తెలిసినవాళ్లు చూస్తారేమోనని ఒకటే టెన్షన్. పోయినసారి అటెండర్ నా పేరు వరండా అంతా వినపడేలా అరిచాడు. పదిలోపు వెళ్లండి, తర్వాత గర్భిణుల టెస్టులతో కిక్కిరిసిపోతుంది.