పాత కారుకి ఈసీయూ కిట్, ట్యూనింగ్ కోర్సు కలిపి కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

పాత కారు మాడిఫై చేసుకుని, స్టాండలోన్ ఈసీయూ (ఇంజన్‌కి పెట్రోల్ ఎంత, స్పార్క్ ఎప్పుడు అనేది చూసుకునే విడి కంప్యూటర్) పెట్టుకుని, ట్యూనింగ్ కూడా మనమే నేర్చుకుందాం అనుకునేవాళ్లు దయచేసి కాస్త ఓపిగ్గా చదవండి. కిట్, బేస్ మ్యాప్ (పెట్రోల్, టైమింగ్ అంకెలు ముందే వేసిచ్చే టేబుల్), వైడ్‌బ్యాండ్ గేజ్ (పొగలోని సెన్సార్‌తో గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపించే మీటర్), ఆన్‌లైన్ కోర్సు అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మే ఒకతని దగ్గర నేను కొన్నాను. 60 వేల దాకా అయింది, అది చాలదన్నట్టు ఇంజన్ కూడా విప్పాల్సి వచ్చింది. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. అతను అమ్మిన పద్ధతి ఏంటో రాస్తాను, ఎవరి దగ్గర అదే పద్ధతి కనపడినా ఆగిపోండి.

కారు 2002 హోండా సిటీ 1.5 వీటెక్. ఆ ఇంజన్ గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కంపెనీ నుంచే 106 బీహెచ్‌పీ, ఈరోజుకీ అంత హుషారుగా తిరిగే ఇంజన్ చాలా కార్లలో లేదు. హెడర్స్, క్యామ్, 360 సీసీ ఇంజెక్టర్లు పడ్డాక పాత ఈసీయూతో పని కాదు కాబట్టి స్పీడుయినో ఆధారంగా చేసిన యూనిట్ తెప్పించాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, స్పీడుయినో అనేది ఆస్ట్రేలియాలో జోష్ స్టూవర్ట్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, ఆర్డుయినో మెగా బోర్డు మీద నడుస్తుంది, ఫర్మ్‌వేర్ ఫ్రీ, మాన్యువల్ ఫ్రీ. ఆ ప్రాజెక్టు మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు, నిజంగా గొప్ప పని చేశారు. నా కోపమంతా దాన్ని డబ్బాలో పెట్టి, ‘ట్యూనింగ్ నేర్పిస్తాం’ అని డబ్బు తీసుకుని, ఇంజన్‌ని కాపాడే రెండు పాఠాలే చెప్పకుండా వదిలేసినవాళ్ల మీద.

కోర్సులో చాలా భాగం ఆ ఫ్రీ మాన్యువల్‌లో ఉన్నదే. అసలు పాఠం వచ్చేసరికి చెప్పింది ఒకటే: ‘బేస్ మ్యాప్ మేం వేసి పంపాం, ఆటోట్యూన్ ఆన్ చేసి రోడ్డు మీద తిరగండి, టేబుల్ దానంతట అదే సెట్ అవుతుంది.’ ట్యూనర్‌స్టూడియోలో, అంటే ల్యాప్‌టాప్‌లో ఈసీయూని సెట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో, ఆ ఆటోట్యూన్ చేసే పని ఏంటంటే, వైడ్‌బ్యాండ్ చూపించే ఏఎఫ్ఆర్‌ని (గాలి-పెట్రోల్ నిష్పత్తి, అంకె పెరిగితే పెట్రోల్ తగ్గినట్టు) మనం పెట్టిన టార్గెట్‌తో పోల్చి, ఇంజన్ ఆ క్షణాన ఏ ఆర్‌పీఎంలో ఏ లోడ్‌లో ఉందో ఆ గడిలోని అంకెను పెంచడమో తగ్గించడమో. అది సెన్సార్ మాటను పూర్తిగా నమ్ముతుంది. సెన్సార్ నుంచి వచ్చే అంకె తప్పైతే, టేబుల్ మొత్తాన్ని అదే తప్పు లెక్కకి తగ్గట్టు మార్చేస్తుంది. స్క్రీన్ మీద మాత్రం అన్నీ పచ్చగా, టార్గెట్‌కి సరిగ్గా కనపడతాయి.

నా కారులో జరిగింది అక్షరాలా ఇదే. వైడ్‌బ్యాండ్ గేజ్ నుంచి ఈసీయూకి వెళ్లేది 0 నుంచి 5 వోల్టుల సిగ్నల్. ఏ వోల్టుకి ఏ ఏఎఫ్ఆర్ అనేది గేజ్‌ని బట్టి మారుతుంది. ఒక రకంలో 0 వోల్టులంటే 10, 5 వోల్టులంటే 20. ఇంకో రకంలో 0 అంటే 7.35, 5 అంటే 22.39. నాకు పంపిన గేజ్ మొదటి రకం, వాళ్లు ఈసీయూలో వేసి పంపిన క్యాలిబ్రేషన్ (వోల్టులని ఏఎఫ్ఆర్‌గా మార్చే లెక్క) రెండో రకానిది. చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో చూస్తే గేజ్ మీద 12.5, అదే క్షణంలో ల్యాప్‌టాప్‌లో 11.1. మల్టీమీటర్ పెట్టి సిగ్నల్ వైరు కొలిస్తే 1.25 వోల్టులు. అంటే గేజ్ చెప్తున్నది కరెక్ట్, ల్యాప్‌టాప్‌దే తప్పు. ఇందులో మోసపోయే చోటు ఎక్కడంటే, 14.7 దగ్గర రెండు లెక్కల మధ్య తేడా సుమారు 0.3 మాత్రమే, అందుకని మామూలుగా క్రూజ్‌లో వెళ్తుంటే ఎవరికీ అనుమానం రాదు. ఫుల్ యాక్సిలరేటర్ నొక్కినప్పుడే తేడా బయటపడుతుంది. ల్యాప్‌టాప్ 12.5 వచ్చింది, టార్గెట్ అందింది అంటున్నప్పుడు ఇంజన్‌లో నిజంగా ఉన్నది 13.4. లోడ్ ఎక్కువ ఉన్నచోటే పెట్రోల్ తగ్గిపోయిందన్నమాట.

రెండోది ఇంతకంటే దారుణం. ఈసీయూ కొత్తగా పెట్టినప్పుడు, అది అనుకుంటున్న ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు పడాలనేది), క్రాంక్ పుల్లీ మీద నిజంగా పడుతున్న టైమింగ్ ఒకటేనా కాదా అని టైమింగ్ లైట్‌తో చూడాలి. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర ఫిక్స్ చేసి, పుల్లీ మీద లైట్ కొట్టి, తేడా ఉంటే ట్రిగ్గర్ యాంగిల్ (క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకి చెప్పే సెట్టింగ్) సరిచేయాలి. పది నిమిషాల పని. ఇది చేయకుండా ఇంజన్‌ని లోడ్‌లో పెట్టకూడదు. కోర్సులో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగితే ‘మేం ఫ్యాక్టరీలోనే సెట్ చేశాం బ్రో, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది) కదిలించకపోతే చాలు’ అన్నాడు. నా కారు చూడకుండా, నా డిస్ట్రిబ్యూటర్ ఏ పొజిషన్‌లో ఉందో తెలియకుండా ఫ్యాక్టరీలో ఎలా సెట్ చేస్తారు? ఆటోనగర్‌లో మా మెకానిక్ బాబాయ్ తర్వాత లైట్ కొట్టి చూస్తే సాఫ్ట్‌వేర్‌లో 10, పుల్లీ దగ్గర 18. అంటే మ్యాప్‌లో 30 అని ఉన్నచోట ఇంజన్‌కి 38 పడుతోంది.

మిక్స్చర్ లీన్ (పెట్రోల్ తక్కువ), దాని మీద టైమింగ్ 8 డిగ్రీలు ముందుకి. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఇంజన్ పని తెలిసిన ఎవరికైనా తెలుసు. కాజా టోల్ దాటాక మూడో గేర్‌లో లాగుతుంటే సైలెన్సర్ మోతలో నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలే టకటక శబ్దం) సరిగ్గా వినపడలేదు, పికప్ తగ్గడం, బ్రీదర్ పైపు నుంచి పొగ రావడం తెలిశాయి. కంప్రెషన్ చూస్తే మిగతా మూడు సిలిండర్లలో 180 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంది, మూడో సిలిండర్‌లో 90. ప్లగ్గులు తీసి వెలుతురులో తిప్పి చూపించాడు బాబాయ్: పింగాణీ తెల్లగా కాలిపోయి, దాని మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు, కొన్ని మెరుస్తున్నాయి. ఆ మెరిసేవి పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. హెడ్ దించాక మూడో పిస్టన్‌లో రింగులు కూర్చునే గాడి అంచు విరిగి ఉంది. ఈ మోడల్‌కి పిస్టన్లు, రింగులు ఇప్పుడు దొరకడమే గగనం, అది కూడా గుర్తుంచుకోండి.

విషయం చెప్పి, లాగ్ ఫైళ్లు, మల్టీమీటర్ ఫోటోలు, టైమింగ్ లైట్ వీడియో అన్నీ పంపాను. మొదట ‘మీ బంకులో పెట్రోల్ బాగోలేదు’ అన్నాడు. తర్వాత ‘ఆటోట్యూన్ చేసింది మీరే కదా, మాకు సంబంధం లేదు’ అన్నాడు. చేయమని నేర్పిందే అతను! ఆ తర్వాత వాట్సాప్‌లో బ్లాక్. డబ్బు వెళ్లింది వ్యక్తిగత యూపీఐ ఖాతాకి, జీఎస్టీ బిల్లు అడిగితే ‘పంపిస్తాం పంపిస్తాం’ అని పంపలేదు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, అది నడుస్తోంది. బిల్లు ఉంటే ఆ పని ఎంతో తేలికయ్యేది, అందుకే బిల్లు లేకుండా ఏదీ కొనొద్దు.

బేస్ మ్యాప్ సంగతి కూడా చెప్పాలి. ‘మీ కారుకే ప్రత్యేకంగా తయారుచేశాం’ అన్న ఫైల్‌ని తర్వాత తీరిగ్గా చదివితే అందులో రిక్వైర్డ్ ఫ్యుయెల్ (ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచుండాలనే మూల లెక్క) 10.3 మిల్లీసెకన్లని ఉంది. 1.5 లీటర్ ఇంజన్‌కి ఆ లెక్క వచ్చేది 240 సీసీ ఇంజెక్టర్లతో. నావి 360 సీసీ అని ఆర్డర్‌లోనే రాశాను, వాటికి 7 దగ్గర రావాలి. ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే టైమ్‌కి బ్యాటరీ వోల్టేజీని బట్టి కరెక్షనే లేదు, అందుకే రాత్రి హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్ ఒకేసారి ఆన్ అయితే ఐడిల్ పడిపోయేది. ఎవరి కారుదో ఫైల్ పేరు మార్చి పంపారు, అంతే.

మీరు ఇలాంటిది కొనబోతుంటే ముందు సెల్లర్‌ని ఇవి అడగండి: గేజ్ ఏ మోడల్, దాని వోల్టేజ్ లెక్క ఏంటి, సెన్సార్ ఒరిజినల్ బాష్ ఎల్ఎస్‌యూ 4.9 అని బిల్లు మీద రాసిస్తారా, టైమింగ్ వెరిఫికేషన్ ఎవరు చేస్తారు, నా ఇంజెక్టర్ డేటా ఎక్కడ వేశారో స్క్రీన్‌షాట్ పంపుతారా. తెలిసినవాడు వెంటనే చెప్తాడు, పైగా అడిగినందుకు సంతోషిస్తాడు. ‘అవన్నీ మీకెందుకు బ్రో’ అన్నాడంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. డబ్బు మొత్తం ముందే కట్టమన్నా, ఇంజన్ ఆడుతున్నప్పటి లాగ్ ఫైల్ అడిగితే డైనో గ్రాఫ్ (మెషీన్ మీద పవర్ కొలిచిన గ్రాఫ్) ఫోటో ఒక్కటే చూపించినా అంతే.

ఇప్పటికే కొనేసినవాళ్లయితే ఈరోజే రెండు పనులు చేయండి. గేజ్ మీది అంకె, ల్యాప్‌టాప్‌లోని అంకె పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్క 14.7 దగ్గర కాదు, చల్లారిన ఇంజన్‌తో 12, 13 మధ్య ఉన్నప్పుడు కూడా. తేడా 0.2 కంటే ఎక్కువుంటే క్యాలిబ్రేషన్ కానీ ఎర్త్ కానీ తప్పు. రెండోది టైమింగ్ లైట్. మీ దగ్గర లేకపోతే కార్బ్యురేటర్ కాలం నుంచి పనిచేస్తున్న ఏ పాత మెకానిక్ దగ్గరైనా ఉంటుంది. ఈ రెండూ సరిపోయేదాకా ఆటోట్యూన్ ముట్టుకోకండి, ఫుల్ యాక్సిలరేటర్ అసలు వద్దు.

బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) అని కూడా మర్చిపోవద్దు. ఇథనాల్ లేని పెట్రోల్‌కి సరిగ్గా కాలే నిష్పత్తి 14.7, ఈ20కి సుమారు 13.5. అంటే పాత మ్యాప్‌కి సుమారు 8-9 శాతం పెట్రోల్ ఎక్కువ కావాలి. లాంబ్డాలో (ఏ ఇంధనానికైనా సరైన నిష్పత్తిని 1.00గా చూపే కొలత) చూసుకుంటే ఈ గొడవ ఉండదు, 1.00 ఎప్పుడూ 1.00 కాబట్టి గేజ్‌ని, సాఫ్ట్‌వేర్‌ని రెండింటినీ లాంబ్డాకి మార్చుకోవడం నా సలహా. ఆ కోర్సులో దీని ఊసే లేదు, మన దేశంలో మనకి అమ్మిన కోర్సులో!

ఇంజన్ ప్రస్తుతం లేత్ వర్క్‌షాప్‌లో ఉంది, బోరింగ్ అయ్యాక అదే స్పీడుయినో బోర్డుతో, నేనే మొదటి నుంచి వేసుకున్న మ్యాప్‌తో పెడతాను. ఎవరికైనా మీ గేజ్ వోల్టేజ్ లెక్క సరిపోతుందో లేదో అనుమానంగా ఉంటే గేజ్ మోడల్, సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ నాకు పంపండి, చూసి చెప్తాను.