దోబూచులాటా, ఉంగా కబుర్లా: పసిబిడ్డతో ఏది మేలు?

కొత్తగా తండ్రులైనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఆకలేస్తే పాప వాళ్లమ్మని వెతుక్కుంటుంది, మరి నేను ఏ ఆట ఆడితే నాకు దగ్గరవుతుంది అని.

అందరికీ ముందు తట్టేది దోబూచులాట. మంచి ఆటే, కాకపోతే దానికి కాస్త వయసు రావాలి. చేతులు అడ్డుపెట్టుకున్నా నాన్న వాటి వెనకే ఉన్నాడని తెలిస్తేనే కదా ఆ ఆత్రం, ఆ కేరింత! ఈ తెలివి ఎనిమిదో నెల దగ్గర వస్తుందని పిల్లల ఎదుగుదలను పరిశీలించిన స్విస్ మనస్తత్వవేత్త పియాజే చెప్పాడు, ఇంకా ముందే మొదలవుతుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. నేను చూసినంతలో ఆరు నెలలు దాటాకే ఆట రక్తి కడుతుంది.

కబుర్లకు అంతకాలం ఆగక్కర్లేదు. పుట్టిన కొత్తలో బిడ్డకు బాగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, అంటే ఒళ్లోంచి మీ ముఖం దాకా. రెండో నెలలో బోసినవ్వు వస్తుంది, ఇంచుమించు అప్పుడే ‘ఉంగా’ కూడా. అది ఉంగా అంటే మీరూ అదే రాగంలో ఉంగా అనండి, అని ఊరుకోండి. ఆ ఊరుకోవడంలోనే ఉంది కిటుకంతా. కాళ్లు తన్నుకుని, నోరు సున్నాలా చుట్టి, ఎంతో కష్టపడి ఇంకో ఉంగా తీస్తుంది. మొదటి బిడ్డప్పుడు నేను గడగడా వాగేసి, పాప పలకడం లేదేంటా అని టెన్షన్ పడ్డాను, దానికి సందిస్తేగా!

నేను చూసేది ఇదొక్కటే, ఆటలో బిడ్డకు వంతు ఉందా లేదా. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ బృందం 1978లో ప్రచురించిన ప్రయోగంలో, అప్పటిదాకా ఆడించిన తల్లి ఒక్కసారిగా ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటుంది. నెలల పిల్లలు నవ్వి, చేతులాడించి ఆమెను మళ్లీ ఆటలోకి లాగాలని చూస్తారు, ఫలితం లేకపోతే ముఖం తిప్పేసుకుంటారు. ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో ఫోన్‌ని పట్టుకునేటప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

చక్కిలిగింతలకు నేను దూరం, చాలు అని చెప్పే నోరు బిడ్డకు లేదు. గాల్లోకి ఎగరేయడం అసలే వద్దు. గిలక్కాయ ఉంటే ఉండనీండి. ఫోన్లో పాటలంటారా, ఏడాదిలోపు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఏ ఆటలోనైనా బిడ్డ చూపు పక్కకు తిప్పితే, ఆవలిస్తే ఆపేయండి, అదీ దాని వంతే.

ఇంతకీ నా ఓటు కబుర్లకే. ఏడాది దగ్గరపడేసరికి మాత్రం తనే దుప్పటి ముఖం మీదికి లాక్కుని, మీరు వెతకాలని కదలకుండా కూర్చుంటుంది చూడండి, అక్కడ నాకు కొంచెం మనసు మారుతుంది.