ఎయిర్ రైఫిల్‌తో ‘ఫ్రీ’గా ఇస్తున్న స్కోపు మౌంటు: విజయవాడ, గుంటూరులో కొనేవాళ్లకు జాగ్రత్త

విజయవాడలోనూ గుంటూరులోనూ కొత్తగా ఎయిర్ రైఫిల్ కొనేవాళ్లకి కొట్లోనైనా ఆన్‌లైన్‌లోనైనా ఒకటే మాట వినబడుతోంది: “4×32 స్కోపు, మౌంటు ఫ్రీ సార్, బిగించే ఇస్తాం.” చిక్కంతా ఆ ఫ్రీ మౌంటు దగ్గరే, అంటే గురి చూసే స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపు దగ్గరే. వంద పెల్లెట్లు కాల్చేసరికి గురి చెదురుతుంది. కొన్నవాళ్లు ముందు స్కోపుని తిట్టుకుంటారు, ఇంకోటి కొంటారు, తర్వాత బ్యారెల్ మీద అనుమానపడతారు. విసిగిపోయి రైఫిలే వదిలించుకుందామనుకుంటే సగం ధరకి కూడా అడిగేవాడుండడు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

ఇది స్ప్రింగ్ రైఫిళ్లకీ, గ్యాస్ పిస్టన్ రైఫిళ్లకీ సంబంధించిన గొడవ. పీసీపీ (ముందే గాలి నింపుకుని కాల్చే రైఫిల్) వాడేవాళ్లకి ఇంత బాధ లేదు.

ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. ఆ వెంటనే పిస్టన్ సిలిండర్ చివరికి చేరి ఠక్కున ఆగుతుంది. అప్పుడు రైఫిల్ ముందుకి గుంజుకుంటుంది. కొంప ముంచేది ఈ రెండో కుదుపే. రైఫిల్ ముందుకి పోతుంటే స్కోపు ఉన్నచోటే ఉండబోతుంది, అంటే రైలు (రైఫిల్ పైన మౌంటు బిగించే పట్టీ) మీద మౌంటు వెనక్కి, మన కంటి వైపుకి జారుతుంది. మందుగుండు రైఫిల్లో తన్ను ప్రధానంగా ఒకవైపే. కాబట్టి “పెద్ద హంటింగ్ రైఫిల్ మౌంటండీ, గాలి తుపాకీకి ఆగదా?” అని అమ్మేవాడు అడిగితే తల ఊపకండి. స్కోపు సంగతీ అంతే. డబ్బా మీద స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని లేకపోతే లోపలి అద్దాలు కదిలిపోవచ్చు, క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డం, నిలువు గీతలు) తెగిపోవచ్చు.

ఇక కొలత. చాలా ఎయిర్ రైఫిళ్ల మీద ఉండేది డవ్‌టెయిల్ గాడి, అంటే రెండు పక్కలా లోపలికి వాలుగా కోసిన రైలు. పేరుకి 11 మి.మీ. అంటారు గానీ వెర్నియర్ పెట్టి చూస్తే 9.5 నుంచి 14 దాకా ఏదైనా రావచ్చు, గాడి వాలు కూడా అన్నిటికీ ఒకటి కాదు. పికటిన్నీ రైలు పూర్తిగా వేరు: వెడల్పు సుమారు 21 మి.మీ., పైన అడ్డంగా గాడులు ఉంటాయి. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, పికటిన్నీ రింగులు (స్కోపు గొట్టాన్ని చుట్టి పట్టే మౌంటు భాగాలు) ఇచ్చి కింద ఒక అడాప్టర్ పెట్టి 11 మి.మీ. గాడికి తగిలించేస్తున్నారు. జారే అతుకు ఒకటి చాలక రెండయ్యాయి, పైగా స్కోపు అనవసరంగా ఎత్తు పెరిగింది.

పట్టు ఎలా ఉందో కొట్లోనే తేల్చుకోవచ్చు. రైలు గాడుల్లో నల్ల మార్కర్ పూసి, ఆరాక మౌంటు బిగించి, మళ్లీ విప్పండి. సిరా వెడల్పుగా చెరిగితే పట్టు బాగున్నట్టు. అంచున వెంట్రుకంత గీత మాత్రమే పడితే ఆ మౌంటు వాలు ఈ గాడిది కాదు. ఎంత బిగించినా రైలు అంచుని కొరుక్కుంటూ జారుతుందే తప్ప పట్టదు. ఇప్పటికే జారుతున్న రైఫిల్ అయితే గాడిలో వేలు పెట్టి లాగి చూడండి, మెరిసే అల్యూమినియం పొడి అంటుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం స్టాప్ పిన్. రైఫిల్ పైన, గాడి వెనక భాగంలో, ఒకటో మూడో చిన్న రంధ్రాలుంటాయి. మౌంటు అడుగు నుంచి పిన్ను ఆ రంధ్రంలోకి దిగితేనే జారడం ఆగుతుంది. ఫ్రీ సెట్లలో పిన్ను ఉండదు, ఉన్నా బయటికి రాదు. పిన్ను కింద కనీసం ఒకటిన్నర మి.మీ. పొడుచుకు రావాలి. అలాగని రంధ్రం లోతు మించి దింపితే మౌంటునే పైకెత్తేస్తుంది, దవడలు గాడిని పట్టవు. రైఫిల్‌కి రంధ్రమే లేకపోతే వెనక రింగుకి ఆనుకునేలా విడిగా స్టాప్ బ్లాక్ బిగించాలి.

రంధ్రం లేదని ఆటోనగర్ తీసుకెళ్లి డ్రిల్ వేయించకండి. లేత్ పనివాళ్ల చేయి మంచిదే, కానీ మీరు రంధ్రం పెట్టమనేది పిస్టన్ తిరిగే గొట్టానికి. డ్రిల్ లోపలికి దిగితే అంచున లేచిన ఇనుప ముల్లు పిస్టన్ సీలుని కోసేస్తుంది, రైఫిల్ అక్కడితో సరి. ఆటోనగర్లో చేయించుకోదగ్గది స్టాప్ బ్లాకే.

బిగించే పద్ధతి ఇది. ముందు రైలునీ మౌంటునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, కొత్త రైఫిల్ మీద నూనె తప్పకుండా ఉంటుంది. పిన్ను రంధ్రంలోకి దింపి, మౌంటుని వెనక్కి నెట్టి, పిన్ను వెనక గోడకి ఆనాక బేస్ బోల్టులు బిగించండి. ముందుకి నెట్టి బిగిస్తే ఆ ఖాళీ మేరకి ఎలాగూ వెనక్కి జారుతుంది. తర్వాత స్కోపు. 1 అంగుళం గొట్టం అంటే 25.4 మి.మీ.; 30 మి.మీ. రింగులో టేపు చుట్టి కూర్చోబెట్టే ఘనులున్నారు, ఒప్పుకోకండి. రింగుల్లో డబుల్ టేపు అంటించినా అంతే, రోహిణీ కార్తెలో కారు డిక్కీలో పెడితే జిగురు కారిపోతుంది. చివరి అద్దానికీ కంటికీ మధ్య 75 నుంచి 100 మి.మీ. ఉండేలా జరపండి. ఎదురుగా దారానికి బరువు కట్టి వేలాడదీసి, రైఫిల్ వంగకుండా పట్టి, క్రాస్‌హెయిర్ నిలువు గీతని దానితో కలపండి. రింగు స్క్రూలు ఎదురెదురుగా, పావు చుట్టు చొప్పున, రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా. 2 న్యూటన్ మీటర్లు దాటొద్దు. టార్క్ రెంచి లేకపోతే ఎలెన్ కీని పొట్టి కొమ్ము దగ్గర రెండు వేళ్లతో పట్టి తిప్పండి. ఉచిత సెట్ల స్క్రూలు మెత్తన, కాస్త గట్టిగా తిప్పితే గాడి గుండ్రమైపోయి కీ ఊరికే తిరుగుతుంది. మౌంటు పోత లోహమైతే థ్రెడ్డే ఊడివస్తుంది.

మడత బ్యారెల్ రైఫిళ్లలో ఇంకో తిరకాసు ఉంది. చాలావాటిలో బ్యారెల్ కాస్త కిందికి వాలి ఉంటుంది. పెల్లెట్ కిందికే పడుతుంటే గురిని పైకీ కిందికీ మార్చే ఎలివేషన్ నాబ్ చివరిదాకా తిప్పేస్తారు. అక్కడ లోపలి స్ప్రింగు పట్టు సడలి గురి నిలవదు. దీనికి వెనక రింగు కొద్దిగా లేవాలి. కూల్‌డ్రింక్ డబ్బా రేకు మందం సుమారు 0.1 మి.మీ. రెండు రింగుల మధ్య 100 మి.మీ. దూరముంటే, వెనక రింగులో స్కోపు గొట్టం కింద ఒక్క రేకు ముక్క పెడితే 10 మీటర్ల దగ్గర గురి 1 సెం.మీ. పైకి లేస్తుంది. రెండు పొరలు మించితే గొట్టం వంగుతుంది, అప్పుడు ఎత్తు సవరించుకునే మౌంటే కొనాలి.

బిగించాక వెనక రింగు అంచు దగ్గర, రైలు మీద, వైట్‌నర్‌తో సన్నటి గీత పెట్టండి. 10 మీటర్ల దగ్గర నలభై పెల్లెట్లు కాల్చి చూడండి. గీతకీ రింగుకీ మధ్య తేడా కనిపిస్తే మౌంటు జారినట్టే. గీత కదలకుండా గురి మాత్రం చెదురుతుంటే రైఫిల్ కర్ర (స్టాక్) స్క్రూలు, బ్యారెల్ మడత బోల్టు చూడండి. ఆ తర్వాతే స్కోపుని అనుమానించండి. స్కోపు లేకుండా గురి చూసే సాదా సైట్లున్న రైఫిలైతే స్కోపు తీసేసి వాటితో కాల్చినా తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

(పిట్టల్నీ కోతుల్నీ కొడతాం అంటూ మొదలుపెట్టేవాళ్లకి: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎయిర్ రైఫిల్‌కీ వర్తిస్తుంది. అట్ట టార్గెట్లు చాలు.)

డబ్బు కట్టేముందు బిల్లు చూడండి. “యాక్సెసరీస్ సెట్” అని రాసి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. మౌంటు మోడలు, రైలు కొలత, స్టాప్ పిన్ ఉందన్న మాట, స్కోపు స్ప్రింగ్ రైఫిల్‌కి పనికొస్తుందన్న మాట, ఇవన్నీ బిల్లు మీదే రాయించుకోండి. ఆన్‌లైన్‌లో అయితే అవే ప్రశ్నలు చాట్‌లో అడిగి స్క్రీన్‌షాట్ దాచుకోండి, డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి. “ఫ్రీగా ఇచ్చినదానికి వారంటీ ఏంటండీ” అని దబాయిస్తే, మీరు కట్టింది మొత్తం సెట్టు ధర అని గుర్తుచేయండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొన్న వస్తువు మీద ఫిర్యాదుకి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. బిల్లు, వీడియో, వైట్‌నర్ గీత నుంచి జరిగిన మౌంటు ఫొటో జతచేయండి.