గండికోటలో నీళ్లు అయిపోయిన ఉదయం

గండికోట లోయ మీద తెల్లవారడం చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి. ప్రభుత్వ పర్యాటక సంస్థ అతిథి గృహంలో శనివారానికి గదులు నిండిపోవడంతో, అమ్మతో కలిసి ఒక ప్రైవేటు గుడారంలో దిగాం.

పరుపు శుభ్రంగా ఉంది. రాత్రి పెట్టిన జొన్నరొట్టె, వేరుసెనగ పచ్చడి అమ్మకు ఎంతగానో నచ్చాయి. ఇబ్బంది ఉదయం మొదలైంది. ఇరవై గుడారాలకు ఉన్న మరుగుదొడ్లు రెండే. ఆరు గంటలకే నీళ్లు అయిపోయాయి. అమ్మ ఖాళీ మగ్గు పట్టుకుని అరగంట నిలబడింది. "ట్యాంకరు రావాలమ్మా" అని పనిచేసే కుర్రాడు తల దించుకున్నాడు. చివరికి తన తాగునీటి బిందె తెచ్చి ఇచ్చాడు. కింద లోయలో పెన్న పారుతోంది, పైన మాత్రం బిందెడు నీళ్లకు ఎదురుచూపులు. మరుగుదొడ్లు చాలినన్ని కట్టకపోవడం యజమాని తప్పు. కొండపైకి నీటి గొట్టం వేయాల్సింది మాత్రం ప్రభుత్వమే.

ఆ తర్వాత మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూశాం. ఎర్రటి రాతిగోడల నడుమ నడుస్తుంటే అలసట మరిచిపోయాం.

మధ్యాహ్నం కారు మాట్లాడుకుని కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలకు వెళ్లాం. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల సంగతి రాశారు, 1980లలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. 3,229 మీటర్ల పొడవులో సందర్శకులు నడవగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. పర్యాటక సంస్థ లోపలి మట్టి తీయించి, దారులు వేసి, దీపాలు పెట్టి 2002లో తెరిచింది. ఉక్క తట్టుకోలేక అమ్మ ఆగినచోట, గాలి గొట్టం కింద నిలబడితే ప్రాణం లేచివచ్చింది. గుహలోని నీటి పాయ పాతాళగంగ దాకా తీసుకెళ్లిన గైడు ఎక్కడా తొందరపెట్టలేదు. ఈ పెట్టుబడి ప్రభుత్వమే పెట్టింది. లాభం లెక్క చూసుకునే ఏ సంస్థ గుహలో మట్టి తీయడానికి ముందుకు వచ్చేది?

ప్రైవేటు భాగస్వామ్యం వద్దని నేను అనను. గండికోటలో ఒబెరాయ్ హోటల్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది. కోట అభివృద్ధికి 2024లో కేంద్రం మంజూరు చేసిన 77.91 కోట్ల రూపాయలు గ్రాంటు కాదు, యాభై ఏళ్ల వడ్డీలేని రుణం. అంటే మన పిల్లలు తీర్చాల్సిన అప్పు. అందుకే స్థలం లీజుకిచ్చే ఒప్పందాల్లో అద్దెతోపాటు మరికొన్ని షరతులు రాయాలి: ఎన్ని గుడారాలకు ఎన్ని మరుగుదొడ్లు, చెత్త ఎవరు ఎత్తాలి, జమ్మలమడుగు చుట్టుపక్కల యువతకు ఎన్ని ఉద్యోగాలు, రొట్టెలు చేసే ఆడవాళ్లకు అంగడి ఎక్కడ. షరతు తప్పితే లీజు రద్దు చేసే ధైర్యమూ ఉండాలి. ఖరీదైన హోటల్ వచ్చినా, మాలాంటివాళ్లకు అందుబాటు ధరలో గదులు మిగలాలి.

కార్తీకంలో మళ్లీ వెళ్లాలని అమ్మ అంటోంది. ఈసారి నెల ముందే అతిథి గృహంలో గది తీసుకుంటాను. గుడారాల దగ్గరి ఆ కుర్రాడికి ఇవ్వడానికి అమ్మ ఒక కొత్త స్టీలు బిందె కొని పక్కన పెట్టింది.