ఛాతీ నొప్పికి ఏది మేలు: ఈసీజీనా, ఎకోనా, టీఎంటీనా?

హన్మకొండలో పదహారేళ్లుగా ఈసీజీలు, అంటే గుండెలోని కరెంటు నడకను కాగితం పట్టీ మీద గీతగా చూపే పరీక్షలు, తీస్తున్నాను. గదిలోకి వచ్చినవాళ్లు మంచం మీద పడుకోకముందే అడిగే మాట ఒకటుంది: "సార్, ఈ చీటీ పరీక్ష ఎందుకు, మంచిగ ఎకోనే తియ్యరాదు?" ములుగు నుంచో పరకాల నుంచో కిరాయి బండి మాట్లాడుకుని వచ్చిన మనిషికి, పైసలు ఎక్కువయ్యే పరీక్షే గట్టి పరీక్ష అనిపిస్తుంది. కానీ ఏది మేలో ఖరీదును బట్టి తేలదు. నొప్పి ఇప్పుడు ఉందా, లేక వచ్చి పోతోందా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

నొప్పి ఇప్పుడే ఉంటే ఈసీజీ తర్వాతే ఏదైనా. దవాఖాన గడప తొక్కిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరు చూడాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. గుండెకు నెత్తురు తెచ్చే నాళంలో గడ్డ పూర్తిగా అడ్డుపడి గుండెపోటు వస్తే, అక్కడి కండరంలో కరెంటు నడక మారుతుంది. పట్టీ మీద ఎస్, టీ అనే రెండు అలల నడుమ నేలబారుగా పోవాల్సిన గీత చెరువు కట్టలా పైకి లేస్తుంది. ఆ కట్ట కనబడిందంటే ఇక వేరే పరీక్ష కోసం ఆగే పని లేదు. రెండు గంటల్లోపు నాళం తెరిచి స్టెంట్ అనే చిన్న జాలీ గొట్టం వేసే చోటికి చేరగలిగితే అక్కడికి పోవాలి. చేరలేమనుకుంటే దగ్గరి దవాఖానలోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ తీసుకుని, ఆ తర్వాత బయలుదేరాలి. ఏటూరునాగారం అవతలి ఊళ్లవాళ్లకు ఈ రెండో దారే ప్రాణం నిలబెడుతుంది. "వరంగల్ పోయినంక చూద్దాం" అని ఇంజెక్షన్ వద్దనకండి.

ఈసీజీకి ఈ రూపం తెచ్చినవాడు విలెం ఐంథోవెన్, నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో. ఆయన మిషను దాదాపు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టి కూర్చోవాలి. పట్టీ మీద మేం చదివే పీ, క్యూ, ఆర్, ఎస్, టీ ఆయన పెట్టిన పేర్లే. 1924లో నోబెల్ ఇచ్చారు. దవాఖానలో ఉన్న రోగి గుండె గీతను కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోన్ తీగ మీద రప్పించుకున్నాడు కూడా. ఇవాళ చిన్న దవాఖానలో తీసిన పట్టీని ఫొటో కొట్టి వాట్సాప్‌లో పెద్ద డాక్టరుకు పంపుతున్నామంటే, ఆ పని మొదలైంది అక్కడే.

ఇంత నమ్మే నేను ఈసీజీ ఎక్కడ మోసపోతుందో కూడా చెప్పాలి. నాలుగేళ్ల కింద మా పెదబాపు మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చాడు. కాంటా కాకముందే చెమటలు పట్టాయి. "ఛాతిల బండ పెట్టినట్టైతాంది బిడ్డా, గ్యాసే కావచ్చు" అని నాకు ఫోన్ చేశాడు. పక్కనున్నవాళ్లు ఒక క్లినిక్‌కు తీసుకుపోయారు. ఒక్క ఈసీజీ తీసి, బాగానే ఉందని గ్యాస్ గోలీ ఇచ్చి పంపేశారు. రాత్రికి నొప్పి దవడకూ ఎడమ చేతికీ పాకింది. ఈసారి క్లిప్పులు పెట్టింది నేనే: కుడి చేతికి ఎరుపు, ఎడమ చేతికి పసుపు, ఎడమ కాలికి ఆకుపచ్చ, కుడి కాలికి నలుపు. ఛాతీ మీద చెమట తుడిచి, కరెంటును పట్టే రబ్బరు బుడ్డీలు అంటించాను. కాగితం బయటికి వస్తుంటే గుండెను ముందువైపు నుంచి చూపే వీ2, వీ3, వీ4 గీతల్లో కట్ట లేచి కనబడింది. నా చేతులు వణికాయి.

పొద్దుటి ఈసీజీ తప్పు చెప్పలేదు. అది తీసిన పది సెకన్లలో గీత బాగానే ఉంది. తప్పల్లా ఒక్కసారితో ఆపేయడమే. నొప్పి తగ్గకపోతే పావుగంటకో అరగంటకో మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతింటే నెత్తురులో పెరిగే ట్రోపోనిన్ చూడాలి. ట్రోపోనిన్ పెరగడానికి కూడా కొన్ని గంటలు పడుతుంది కాబట్టి దాన్నీ రెండోసారి చూడాల్సి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకూ ఆడవాళ్లకూ నొప్పి లేకుండా ఆయాసం, చెమట, వాంతి మాత్రమే ఉండొచ్చు. వాళ్లను "గ్యాస్" అని పంపేయడం ఇంకా ఎక్కువ.

ఇక ఎకో. "ఎకో తీసిండ్రు, బ్లాకులు లేవన్నరు" అనే మాట వారానికి రెండుసార్లైనా వింటాను. మామూలు ఎకోలో గుండెకు నెత్తురు తెచ్చే నాళాల బ్లాకులు కనబడవు. అది శబ్ద తరంగాలతో గుండె గోడల కదలికనూ, కవాటాలనూ, పంపింగ్‌నూ చూపిస్తుంది. బాగున్న గుండె పంపింగ్ 55 శాతం పైన ఉంటుంది. నాళంలో సన్నటి దారి మిగిలి ఉన్నా, కదలకుండా పడుకున్న మనిషి ఎకో చక్కగా రావచ్చు. ఆయాసం, కాళ్ల వాపు, చిన్నప్పటి కీళ్ల జ్వరంతో దెబ్బతిన్న కవాటం, పోటు వచ్చిపోయాక మిగిలిన బలం: వీటికైతే ఎకోను మించింది లేదు. పెదబాపుకు పోటు తర్వాత పంపింగ్ 35 శాతం వచ్చింది.

మెట్లెక్కినప్పుడో బరువు మోసినప్పుడో నొప్పి వచ్చి, కూర్చుంటే పోయేవాళ్లకు టీఎంటీ పనికొస్తుంది. ట్రెడ్‌మిల్ మీద మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెంచుతూ నడిపిస్తూ ఈసీజీ చూస్తారు. కానీ జబ్బు ఉన్న ముగ్గురిలో దాదాపు ఒకరిని ఇది పట్టుకోలేదు. ఆడవాళ్లలో లేని జబ్బును ఉన్నట్టు చూపడం కూడా ఎక్కువే. అందుకే టీఎంటీ ఫలితాన్ని వయసు, షుగర్, బీడీ అలవాటు, నొప్పి తీరుతో కలిపి చదివే డాక్టరు కావాలి. నొప్పి ఇప్పుడే ఉన్న మనిషిని మాత్రం టీఎంటీ మీద నిలబెట్టొద్దు, అది ప్రమాదం. బ్లాకు ఎక్కడ, ఎంత అన్నది తేల్చేది నాళాల్లోకి మందు ఎక్కించి ఫొటో తీసే యాంజియోగ్రామే.

గుండె దడదడలాడి నిమిషాల్లో తగ్గిపోతుంటే ఒక రోజంతా ఒంటి మీదే ఉండి ఈసీజీ రాసుకునే హోల్టర్ అనే చిన్న మిషను మేలు. చేతి గడియారపు ఈసీజీ లయ తప్పడాన్ని పట్టుకుంటుంది. గుండెపోటు లేదని చెప్పడానికి అది చాలదు, ఎందుకంటే పన్నెండు కోణాల్లో చూడాల్సినదాన్ని ఒక్క కోణంలోనే చూస్తుంది.

పాత పట్టీ దాచుకోండి. కొత్త మార్పా, ఎప్పటినుంచో ఉన్నదా అని డాక్టరు చెప్పగలిగేది రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే. ఆ కాగితం వేడికి నల్లబడుతుంది, ఏళ్లు గడిస్తే గీతలు మాసిపోతాయి. లామినేషన్ చేయించకండి, జిరాక్స్ తీయించి ఫోన్‌లో ఫొటో కూడా పెట్టుకోండి. పెదబాపు రాత్రి పట్టీ జిరాక్స్ ఆయన పట్టాదారు పాసుపుస్తకం కవర్లో ఉంది. మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు అడగకముందే తీసి డాక్టరు ముందు పెట్టాడు.